దసరాకి వరి పూత మీదుంటుంది, మా పిల్లల్ని మేలో పిలుస్తారేం?

హైదరాబాద్‌లో పంటల జన్యుశాస్త్రం మీద పనిచేస్తున్న సంస్థల డైరెక్టర్లకి, ల్యాబులు నడిపే సైంటిస్టులకి నమస్కారం.

నేను సిటీలో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. పదిహేడేళ్లయింది. ఏటా సంక్రాంతి సెలవులు అవగానే నా టేబుల్ దగ్గర చిన్న క్యూ మొదలవుతుంది. "మేడమ్, సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి లెటర్ కావాలి." రాసిస్తాను. స్టాంప్ వేయిస్తాను. ప్రిన్సిపాల్ గారు క్యాంపులో ఉంటే ఆయన వచ్చేదాకా ఆగి సంతకం పెట్టించి మరీ ఇస్తాను. ఆ కాగితాలు తర్వాత ఎక్కడికి పోతాయో, ఎవరైనా చదువుతారో లేదో, ఇన్నేళ్లలో నాకు తెలిసింది చాలా తక్కువ. విడిగా రాసిన ఉత్తరాలకి జవాబులు రాలేదు కాబట్టి ఈసారి అందరూ చదివేలా నేనే రాస్తున్నాను.

నిరుడు మా సెకండియర్‌లో ఒకమ్మాయి ఉండేది. తాండూరు వైపు పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, వాళ్ల నాన్న కంది వేస్తాడు. తాండూరు కందిపప్పు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, 2022లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అనే ముద్ర) కూడా వచ్చింది. ఒకరోజు క్లాసులో మాటల్లో చెప్పాను: కంది జన్యుక్రమాన్ని చదివి 2011లో బయటపెట్టారు, అందులో 48,680 జన్యువులు ఉంటాయని లెక్కగట్టారు, ఆ పనిని ముందుండి నడిపింది మన పటాన్‌చెరులో ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, అందుకు తీసుకున్న రకం పేరు ఆశ, అని. క్లాసులో ఉలుకూ పలుకూ లేదు. (కంది అంటే మావాళ్లలో సగం మందికి ఐఐటీ ఉన్న ఊరు. ఆ ఊరు కూడా పటాన్‌చెరు దాటి కొంచెం ముందుకి పోతే రావడం ఇంకో తమాషా.) ఈ అమ్మాయి మాత్రం లేచి, "మేడమ్, ఆశ మా నాన్న కూడ వేస్తడు" అంది. బెల్ కొట్టాక నా వెనకే స్టాఫ్ రూమ్ దాకా వచ్చింది. ఆ రాత్రి నుంచే మెయిల్స్ పెట్టడం మొదలుపెట్టింది.

నలభై మూడు మెయిల్స్, నాకు ఫోన్‌లో ఒక్కోటి చూపించింది. మొదటివన్నీ మామూలు అచ్చుపోత, "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై "థాంకింగ్ యూ" దగ్గర ఆగేవి. అలా కాదమ్మా, నీకు ఏం తెలుసుకోవాలని ఉందో అది రాయి అన్నాను. అప్పట్నుంచి కంది ఎండు తెగులు గురించి, వాళ్ల చేను గురించి నాలుగు లైన్లు రాసింది, చాలా బాగా రాసింది, నా పదిహేడేళ్ల లెటర్లకన్నా నయం. సిటీలో వాళ్లకీ పెట్టింది, బయట రాష్ట్రాలకీ పెట్టింది. మూడు జవాబులు వచ్చాయి. ఒకటి, సారు సెలవులో ఉన్నారని దానంతటదే వచ్చిన మెయిల్. రెండోది, అడ్మిన్ సెక్షన్‌ని కలవండి అని. మూడోది, సీటు ఉంది గానీ ట్రైనింగ్ ఫీజు కట్టాలి అని. ఆ ఫీజు ఆ పిల్ల మూడు నెలల మెస్ బిల్లుతో సమానం. మిగతా నలభైకి కాదన్న మాట కూడా రాలేదు. ఎవరు ఏమన్నారో పేర్లు చెప్పను, అందుకోసం కాదు ఇది రాస్తున్నది.

అదే వేసవిలో మా కాలేజీ నుంచే ఇంకో అబ్బాయికి ఒక ల్యాబులో చోటు దొరికింది. వాళ్ల బాబాయికి అక్కడ ఎవరో తెలుసు. వాడు మంచి పిల్లాడే, వాడి తప్పేం లేదు. జూన్‌లో వచ్చి కలిశాడు, ఏం నేర్చుకున్నావురా అంటే కాసేపు ఆలోచించి, "ట్యూబులకి లేబుల్స్ అంటించాను మేడమ్, ఏసీ బాగుండేది" అన్నాడు.

మీ ఇబ్బంది నాకు తెలియదని కాదు. మార్చి వచ్చిందంటే మీ ఇన్‌బాక్స్ ఎలా ఉంటుందో ఊహించగలను. చెయ్యి తిరగని పిల్లలు కెమికల్స్ ఒలకబోస్తారు, వాటిలో కొన్ని ఖరీదైన ఎంజైములు. కొత్తవాళ్లకి నేర్పాలంటే ఒక పీహెచ్‌డీ స్కాలర్ తన పని ఆపుకుని పక్కన నిలబడాలి, ఆ స్కాలర్‌కి థీసిస్ టెన్షన్ ఎలాగూ ఉంది. ఎనిమిది వారాలు తిరిగేసరికి పిల్లలకి పైపెట్ పట్టుకోవడం వస్తుంది, అప్పటికి వెళ్లిపోతారు. ఇదంతా నిజమే. అయితే ఇందులో సగం ఇబ్బంది మనం ఎంచుకున్న నెల వల్ల వచ్చిందని నా అనుమానం.

"సమ్మర్ ఇంటర్న్‌షిప్" అనే మాట చలి దేశాల్లో పుట్టింది. అక్కడ మంచు కరిగాక వేసిన పంట ఎదిగేది వేసవిలో, కాలేజీకి సెలవులూ అప్పుడే, కాబట్టి పిల్లలు వచ్చేసరికి పొలంలో పంట నిలబడి ఉంటుంది. మనం పేరుతో పాటు నెలల్ని కూడా తెచ్చేసుకున్నాం. మన మే నెలలో రాజేంద్రనగర్ పరిశోధన పొలాల్లోకి వెళ్లి చూడండి, మీరు రోజూ చూసేదే: యాసంగి వరి కోసేసిన మోళ్లు, దున్ని వదిలేసిన దుక్కి, పదకొండు దాటితే బయట మనిషి కనపడడు. కంది అయితే వానలు పడ్డాక జూన్, జులైలో విత్తుతారు, అక్టోబర్, నవంబర్‌లలో పూస్తుంది. పంటల జన్యుశాస్త్రం నేర్చుకుందామని వచ్చిన పిల్లకి పంటే కనపడకపోతే ఎలా? ఫ్రీజర్‌లోంచి తీసిన ఆకు ముక్కలు, వాటిలోంచి డీఎన్ఏ, పీసీఆర్ (కావాల్సిన డీఎన్ఏ ముక్కకి లక్షల నకళ్లు తీయడం), జెల్ (ఆ ముక్కల్ని సైజుని బట్టి గీతలుగా విడదీయడం), మళ్లీ పీసీఆర్. అది పనికిరాదని అనను. చల్లటి ఐసోప్రొపనాల్ పోయగానే ట్యూబులో తెల్లటి దూదిపోగులా డీఎన్ఏ తేలినప్పుడు పిల్లల మొహాలు నేను చూశాను. కానీ ఆ పోగు ఏ మొక్కదో, ఆ మొక్క తెగులుని తట్టుకుందో లేదో కళ్లతో చూడకుండా జెల్ మీద గీతలు చదవమంటే అది ఇంకో రకం బట్టీ.

నా సంగతే చెప్తాను. డిగ్రీలో ఉండగా నాకు ఒక వరి పరిశోధన క్షేత్రంలో పదిరోజులు తిరిగే అవకాశం వచ్చింది. దాచడం దేనికి, పైరవీతోనే. మా నాన్న స్నేహితుడు ఒకాయన అక్కడ పనిచేసేవాడు. అవి దసరా సెలవులు, వానాకాలం వరి సరిగ్గా అప్పుడే కంకి బయటపెడుతోంది. సాయంత్రం నాలుగింటికి ఒక సీనియర్ సైంటిస్ట్ నన్ను కుండీ ముందు ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి చిన్న కత్తెర ఇచ్చారు. కంకిలో ఇంకా విచ్చుకోని ఒక్కో పువ్వు పైపొట్టుని మూడోవంతు కత్తిరించాలి, లోపల ఆరు పుప్పొడి తిత్తులుంటాయి, పువ్వు తన పుప్పొడితోనే గింజ కట్టకుండా ఫోర్సెప్స్‌తో ఆరింటినీ లాగెయ్యాలి, మధ్యలో పుప్పొడిని అందుకునే కీలాగ్రానికి తగలకూడదు. మొదటి పువ్వుకి నాకు పావుగంట పట్టింది. నాలుగు తిత్తులు వచ్చాయి, ఐదోది పగిలిపోయింది. ఆయన ఏమీ అనలేదు, ఆ పువ్వుని గిల్లి అవతల పారేసి తర్వాతది చూపించారు, అంతే. చీకటిపడేలోపు ముప్ఫై చిల్లర పువ్వులు చేశాను, మెడ పట్టేసింది. బటర్ పేపర్ సంచి తొడిగి, తేదీ, తల్లి రకం పేరు ట్యాగ్ మీద పెన్సిల్‌తో రాశాను (పెన్నుతో రాస్తే వానకి కారిపోతుందట). మర్నాడు పొద్దున పదింటికి తండ్రి రకం కంకి విచ్చుకుంటుండగా తెచ్చి దాని మీద దులపాలి. వరి పుప్పొడి నిమిషాల్లో చచ్చిపోతుంది, కాఫీ తాగొచ్చి దులుపుతానంటే కుదరదు. నెల తిరిగాక ఆయనే కబురు పెట్టారు, నీ కంకికి ఏడు గింజలు పడ్డాయి, వచ్చి చూసుకో అని. బస్సెక్కి వెళ్లాను. కత్తిరించిన పొట్టులోంచి గింజ సగం బయటికి కనిపిస్తోంది, చాలీచాలని చొక్కా వేసుకున్న పిల్లాడిలా. సంకరం చేసిన గింజని అలాగే గుర్తుపడతారని అప్పుడు తెలిసింది. నేను ఇవాళ బోటనీ చెప్తున్నానంటే ఆ ఏడు గింజల వల్లే.

అందుకని నేను అడిగేది ఇది. మీ మే, జూన్ ఇంటర్న్‌షిప్‌లు మీరు నడుపుకోండి, బయట రాష్ట్రాల నుంచి వచ్చే పిల్లలకి, ఐఐఎస్ఈఆర్ లాంటి కేంద్ర సైన్స్ విద్యాసంస్థల్లో చదివేవాళ్లకి అవి సరిపోతాయి. మాకు దసరా సెలవులు ఇవ్వండి. వారం, పదిరోజులు చాలు. సిటీలో, చుట్టుపక్కల జిల్లాల్లో మామూలు డిగ్రీ కాలేజీల్లో చదివే పిల్లలు పొద్దున బస్సెక్కి వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు, మీకు హాస్టల్ గొడవ ఉండదు. ఆడపిల్లలకి ఆర్టీసీ బస్సు ఎలాగూ ఉచితం, మగపిల్లలకి ఒక నెల పాస్ డబ్బులు, అందరికీ మీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం భోజనం, ఇంతకన్నా ఖర్చేముంది? ఫీజు మాత్రం వద్దు, దయచేసి. సెలవులొస్తే మా మగపిల్లల్లో చాలామంది ఫుడ్ డెలివరీకి బండి తోలుతారు, అది మానుకుని మీ దగ్గరికి రావడమే వాళ్లకి పెద్ద ఖర్చు, మళ్లీ మీకు ఎదురు కట్టమంటే వాళ్లు రారు, వచ్చే స్తోమత ఉన్నవాళ్లే వస్తారు. అసలు మేలో మా సెమిస్టర్ పరీక్షలే అవ్వవు, ఒక్కోసారి జూన్ దాకా లాగుతారు, మీ ఇంటర్న్‌షిప్ మే మొదటివారంలో మొదలైతే మా వాళ్లు హాల్ టికెట్ చూసుకోవాలా, మీ గేట్ పాస్ చూసుకోవాలా?

పదిరోజుల్లో ఏం నేర్చుకుంటారంటారా, ఒక్కటి చెప్తాను. సాంబ మసూరి మనం రోజూ తినే బియ్యం, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, 1986లో విడుదలైంది. దానికి బాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శాపం. ఆ తెగులుని తట్టుకునే మూడు జన్యువుల్ని, ఎక్స్ఏ 21, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5, మార్కర్ల (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్ఏ గుర్తుల) సాయంతో అందులోకి చేర్చి మెరుగుపరిచిన సాంబ మసూరిగా 2008లో విడుదల చేసింది మన ఊళ్లోని రెండు సంస్థలే, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ, తార్నాక దగ్గరి జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ. తెగులు పరీక్ష ఎలా చేస్తారో మీకు తెలుసు, ఇది చదివే పిల్లల కోసం చెప్తున్నాను: బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు, రెండు వారాలు ఆగి స్కేలు పెట్టి కొలుస్తారు. మామూలు సాంబలో మచ్చ కొస నుంచి గడ్డిరంగుకి తిరిగి కిందికి దిగుతూ పోతుంది, మూడు జన్యువులున్న దానిలో కత్తిరించిన చోటికి కొంచెం కిందే ఆగిపోతుంది. దీనికి కోట్ల రూపాయల మెషీన్ ఏం అక్కర్లేదు, ప్లాస్టిక్ స్కేలు, నోట్‌బుక్కు, ఓపిక చాలు. మీరు సెప్టెంబర్‌లో కత్తిరించి పెట్టండి, మా పిల్లలు దసరాకి వచ్చి కొలుస్తారు. పొద్దున కొలిచిన మొక్కల ఆకులే మధ్యాహ్నం ల్యాబులోకి తెచ్చి డీఎన్ఏ తీసి జెల్ మీద పెడితే, ఈ గీత ఉన్న మొక్కలోనే మచ్చ ఆగిపోయిందన్న మాట వాళ్లంతట వాళ్లే అంటారు. ఆ ఒక్కమాట కోసం నేను క్లాసులో మూడు నెలలు గొంతు చించుకుంటాను, రాదు. మీకూ లాభమే, వెయ్యి ఆకులు కొలవడానికి పది జతల చేతులు ఊరికే దొరుకుతాయి.

2025 మేలో అదే సాంబ మసూరిని జన్యు సవరణ చేసి కమల అనే కొత్త రకం తెచ్చామని ప్రకటించారు, అదీ రాజేంద్రనగర్ నుంచే. పేపర్లో ఫోటో చూసి మా పిల్లలు అడిగారు, "మేడమ్, ఇది మన హైదరాబాదేనా?" అని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆరాంఘర్ చౌరస్తా నుంచి ఆటోలో పోయేంత దూరం.

ఎంపిక సంగతి కూడా తేల్చండి. ఎన్ని సీట్లు, ఏ తేదీలు, ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా చెప్తారు, ఇది ఒక్క పేజీ చాలు, జులైలో మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఎంపికయ్యాక ఏ కాలేజీ నుంచి ఎంతమందో అదీ పెట్టండి, పిల్లల పేర్లు అక్కర్లేదు. పైరవీలు వాటంతటవే తగ్గుతాయి, నా లాంటివాళ్ల పైరవీలతో సహా. మార్కుల పర్సెంటేజీ పెట్టకండి, మా దగ్గర ప్రాక్టికల్స్‌లో అందరికీ దాదాపు ఒకే మార్కులు పడతాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దానికి బదులు ఒక ప్రశ్న అడగండి: మీ ఊళ్లో ఏ పంటకి ఏం జబ్బు వస్తోంది, నువ్వేం చూశావు, అని. తెలుగులో రాస్తే తీసుకోండి. జవాబు చదివితే ఎవరు పనికొస్తారో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తీసుకోలేనివాళ్లకి "ఈసారి లేదు" అని రెండు ముక్కలు, అందరికీ కలిపి ఒకే మెయిల్ అయినా సరే.

మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది కదా అంటారేమో. ఉంది, మంచిది, రెండు నెలలు, స్టైపెండ్ ఇస్తారు, టీచర్లు కూడా పెట్టుకోవచ్చు. కానీ దేశం మొత్తానికి అదొక్కటి. దరఖాస్తుల గడువు నవంబర్ ప్రాంతంలోనే అయిపోతుంది, మా పిల్లలకి ఇంటర్న్‌షిప్ అనే ఆలోచన వచ్చేదే సంక్రాంతి తర్వాత. ఈ విషయంలో తప్పు నాది, మా డిపార్ట్‌మెంట్‌ది, అక్టోబర్‌లోనే నోటీస్ బోర్డు మీద పెట్టాల్సింది మేమే. ఇక ఎక్కడా దొరకనివాళ్లు చివరికి అమీర్‌పేట్ వైపు వెళ్తారు. అక్కడ డబ్బు కడితే పదిహేను రోజుల్లో బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారు, పిల్లలు ఆ పదిహేను రోజులూ ప్రొజెక్టర్ మీద పీసీఆర్ వీడియో చూసొస్తారు. నాకు చూపించి "ఎలా ఉంది మేడమ్" అంటారు. బాగుంది నాన్నా అంటాను, ఇంకేమనను.

మా వైపు లోపాలు ఇంకా ఉన్నాయి. మా ల్యాబులో జెల్ ట్యాంక్ ఒకటే, అదీ బీరువాలో, తాళం ఒకరి దగ్గర, ఆయన సెలవులో. మెండెల్ 5,474 గుండ్రటి బఠాణీలు, 1,850 ముడతల బఠాణీలు కూర్చుని లెక్కపెట్టాడని మేం చెప్తాం, పిల్లలు రికార్డులో 3:1 అని రాసి బొమ్మకి రంగులేసి ఇచ్చేస్తారు, ఒక్క గింజ లెక్కపెట్టరు. ఈ ఏడు మార్చాను. రెండు రకాల గింజలు కలిపిన డబ్బాలిచ్చి ఒక్కొక్కరి చేత అయిదు వందలు లెక్కపెట్టించాను. ఒకడికి 498 వచ్చింది, ఇంకొకతెకి 507, గొడవపడ్డారు, మళ్లీ లెక్కపెట్టారు. మీ దగ్గరికి పంపేముందు పైపెట్ పట్టుకోవడం, తూకం, ఎక్సెల్‌లో లెక్కలు వేసుకోవడం నేను నేర్పి పంపుతాను. మొదటిసారికి ఆరుగురు చాలు. వాళ్లు ఏమైనా పాడుచేస్తే నాకు ఫోన్ చేయండి, వచ్చి నిలబడతాను.

తాండూరు అమ్మాయి ఇప్పుడు ఫైనలియర్. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు వాళ్ల నాన్న ఒక ప్రశ్న అడిగి పంపాడట: "మీ సార్లని అడుగు బిడ్డా, ఆశకి ఎండు తెగులు రాదంటరు, మరి మన చేన్ల మూలకు ఏటా ఎందుకు ఎండుతున్నది?" నాకు తెలిసిన జవాబు సగమే. కంది పువ్వుల మీద తేనెటీగలు తిరుగుతాయి, పక్క చేను పుప్పొడి తెచ్చి కలుపుతాయి, ఏళ్ల తరబడి ఇంటి విత్తనమే వేస్తే అది పేరుకే ఆశ, లోపల ఏముందో చెప్పలేం. లేదా ఆ మూల మట్టిలో ఉన్న శిలీంధ్రం ఇంకో రకం అయ్యుండొచ్చు. ఏది నిజమో తేలాలంటే గింజల్ని పరీక్ష చేసి చూడాలి, అది మా బీరువాలో జెల్ ట్యాంకుతో అయ్యే పని కాదు.

ఆయన చేను మూల నుంచి తీసిన గింజలు ఒక గుప్పెడు, చేను మధ్యలోంచి తీసినవి ఒక గుప్పెడు, విడివిడి పొట్లాలు కట్టి పంపాడు. నా టేబుల్ సొరుగులో ఉన్నాయి, పురుగు పట్టకుండా ఎండు వేపాకు వేసి పెట్టాను. ఎవరి దగ్గరికి తెమ్మంటారో చెప్పండి, ఆ అమ్మాయినిచ్చి పంపుతాను.

ఇట్లు,
సిటీలో ఒక డిగ్రీ కాలేజీ బోటనీ లెక్చరర్